ఎక్కడ నొప్పో ఒక్క వేలితో చూపించు, పిన్నీ

మొన్న సంక్రాంతికి పిన్ని వాళ్లింటికి వెళ్లాను. మేడ మీద ఎండబెట్టిన వడియాలు తీసుకురావడానికి ఇద్దరం బయల్దేరాం. రెండో మెట్టు దగ్గరే పిన్ని ఆగిపోయింది. ఎడంచేత్తో గోడ పట్టుకుని, కుడి అరచెయ్యి నడుముకీ తొడకీ మధ్య ఎక్కడో ఆనించి, "నడుము నొప్పే అమ్మాయ్, రెండేళ్లయింది, వదలట్లేదు" అంది. ఈ రెండేళ్లలో నడుముకి ఎక్స్‌రే తీయించుకుంది, నడుముకి బెల్టు కొనుక్కుంది, నడుముకి బామ్ రాసుకుంది. ఎముకలు అరిగాయని ఒకచోట చెప్పారట. ఆ నొప్పి మీద చెయ్యి పెట్టి చూసినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

"అరచెయ్యి తీసెయ్యి పిన్నీ. ఒక్క వేలితో చూపించు" అన్నాను.

బాబాయి దగ్గర్లో లేడని చూసుకుని చూపుడువేలు నడుము మీద పెట్టింది. ఇక్కడ కాదంది. కిందికి జరిపింది. ఇంకాస్త కిందికి. పక్కన ఎముక గట్టిగా తగిలే చోట ఆగి, "ఇదిగో, ఇక్కడే. ఇటు తిరిగి పడుకున్నానా, ప్రాణం పోతుంది" అంది.

"ఇది నడుము కాదు పిన్నీ, తుంటి."

"ఏదో ఒకటి. తుంటి, పిరుదు అని డాక్టరు ముందు ఎలా అంటామే?"

అక్కలూ, చెల్లెళ్లూ, ఇవాళ మీతో ఈ ముచ్చటే చెప్పుకోవాలని కూర్చున్నాను. మన భాషలో మాటలు లేకనా? నడుము, తుంటి, పిరుదు, గజ్జ, తొడ, పిక్క, ఎంత చక్కగా విడివిడిగా ఉన్నాయో చూడండి. కానీ నోటిదాకా వచ్చేసరికి పిరుదు అనడానికి సిగ్గు, గజ్జ అనడానికి మరీ సిగ్గు. దాంతో బొడ్డు దగ్గర్నుంచి మోకాలి దాకా ఏది నొప్పి చేసినా రెండే మాటలు: నడుము నొప్పి, కాలు లాగుతోంది. చేతికి తాడులా తగిలిందల్లా నరమే. చెప్పే మాట ఒకటి, నొప్పి చోటు ఒకటి అయినప్పుడు మందు ఎటు పోతుందో పిన్నిని చూస్తే తెలుస్తోంది కదా.

నేను ఫిజియోథెరపిస్టుని. ఈ సిగ్గు నాకూ ఉండేది. అది ఎలా పోయిందో చెబుతాను.

మొదటి సంవత్సరంలో అనాటమీ ఉంటుంది. ఏ కండరం ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ అతుక్కుంటుంది, ఏ నరం దాన్ని కదిలిస్తుంది అని పుస్తకం ముందేసుకుని బట్టీ పట్టేవాళ్లం. ఆ తర్వాత డిసెక్షన్ హాలు. ఫార్మలిన్ వాసనకి కళ్లు మండేవి. పిరుదు మీది పెద్ద కండరాన్ని, గ్లూటియస్ మాక్సిమస్‌ని, మా మేడమ్ పుస్తకం పేజీ తిప్పినట్టు నెమ్మదిగా పక్కకి తిప్పారు. అంత లావు కండరం శరీరంలో ఇంకోటి లేదు. దాని అడుగున, వెన్ను చివరి త్రికోణపు ఎముక నుంచి తుంటి పక్క ఎముక దాకా అడ్డంగా ఒక చిన్న కండరం. బేరిపండు ఆకారంలో ఉంటుందని పిరిఫార్మిస్ అని పేరు పెట్టారు. దాని కింది అంచు దగ్గర్నుంచి తెల్లగా, నా బొటనవేలంత వెడల్పున ఒక పట్టీ బయటికొచ్చి తొడలోకి దిగుతోంది. సయాటిక్ నరం. మనిషి ఒంట్లో అన్నిటికంటే లావైన నరం. కొందరిలో అది ఈ కండరాన్ని చీల్చుకుని కూడా వస్తుందని మేడమ్ చెప్పారు. నేను చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాను. అంతదాకా సయాటికా అంటే మా తాతయ్య మూలిగే జబ్బు పేరు. అంత విలువైన తీగ మీదే మనం రోజంతా కూర్చుంటున్నామా అనిపించింది.

పిరుదుకి ఇంజెక్షన్ వేయించుకునేటప్పుడు పైభాగంలో, అదీ బయటివైపు మూలకే వేయాలనడం ఈ నరం కోసమే. ఒక పక్క పిరుదుని నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత గీసి నాలుగు భాగాలు చేశారనుకోండి. పై బయటి భాగం మాత్రమే సూదికి. మధ్యలోకో కిందికో పొడిస్తే నరానికి తగలొచ్చు, పాదం పైకి లేవకుండా పోవచ్చు. ఈ విషయంలో మొహమాటపడకండి. "ఇంకొంచెం పైకి, పక్కకి వేయండి" అని నోరు తెరిచి చెప్పండి. పసిపిల్లలకి పిరుదు కండరం ఇంకా ఎదగదు, అందుకే 6, 10, 14 వారాల టీకా మన ఏఎన్‌ఎమ్ అమ్మ తొడకి, ముందువైపు బయటి పక్కగా వేస్తుంది. అక్కడ మంచి మందమైన కండ ఉంటుంది, పెద్ద నరంగానీ రక్తనాళంగానీ దారిలో ఉండదు.

హాల్లో చూసింది అంతా కదలని శరీరం. అసలు చదువు ఆ తర్వాత మొదలైంది: బతికున్న మనిషిని, చర్మం మీదుగా, చేత్తో తడిమి చదవడం. పాల్పేషన్ అంటారు. ఆ మొదటి రోజు లోపలికి వెళ్లే ముందే మా గుండెలు దడదడలాడాయి. ఇరవైమంది ఆడపిల్లలం, తెరలు కట్టిన గది, అందరం మోకాళ్ల పైదాకా షార్ట్స్ వేసుకోవాలి. పల్లెటూళ్ల నుంచి వచ్చినవాళ్లమే ఎక్కువ. చున్నీ లేకుండా వాకిట్లోకి కూడా రాని పిల్లలం. నా జోడీ నా రూమ్మేటే. బల్ల మీద పడుకుని మొహం రెండు చేతుల్తో కప్పేసుకుంది.

మేడమ్ మమ్మల్ని తిట్టలేదు, నవ్వలేదు. "ముందు చేతులు రుద్దుకుని వెచ్చబరుచుకోండి. గోళ్లు చూపించండి. దుప్పటి కప్పండి, చూసే చోటు మాత్రమే తీయండి. ఆ తర్వాత అడగండి, 'ఇక్కడ చెయ్యి పెట్టనా' అని. ఆ పిల్ల సరేనన్నాకే పెట్టండి" అన్నారు. ఇన్నేళ్లలో ఏ పుస్తకం కన్నా నాకు ఎక్కువ అక్కరకొచ్చిన మాటలివి. మీరు ఏ ఆసుపత్రికి వెళ్లినా ఈ మర్యాద మీ హక్కు. చెయ్యి ఎక్కడ పెడుతున్నారో, ఎందుకు పెడుతున్నారో ముందు చెప్పమనండి. తోడుకి ఒక ఆడమనిషిని ఉంచమనండి. వద్దనిపిస్తే వద్దనండి.

మొదట్లో నేను వేలికొసల్తో గుచ్చేదాన్ని. రూమ్మేట్ కెవ్వుమనేది. గట్టిగా నొక్కేకొద్దీ కింది కండరం బిగుసుకుపోయి ఏమీ తెలిసేది కాదు. "వేలి మెత్త ఆనించి ఆగు. అది వదులైందాకా ఆగు" అని మేడమ్ నా చెయ్యి మీద తన చెయ్యి వేసి నేర్పారు. అరిసెల పాకం చూడటం వచ్చిన ఏ ఆడదానికైనా ఇది అర్థమవుతుంది. పళ్లెంలో నీళ్లు పోసి, బొట్టు పాకం వేసి, రెండు వేళ్ల మధ్య ఉండ చేస్తూ లేతదా ముదిరిందా అని పట్టుకుంటాం కదా. బలంతో తెలిసేది కాదది, ఓపికతో తెలిసేది. కండరమూ అంతే. వదులుగా ఉన్నప్పుడు ఒకలా, పనిచేస్తున్నప్పుడు ఒకలా, అలిసి ముడి పడ్డప్పుడు ఇంకోలా వేలికి చెబుతుంది. పోగులు నిలువుగా సాగుతుంటే మనం అడ్డంగా వేలు కదపాలి, వీణ తీగ మీటినట్టు. అప్పుడే దాని అంచు దొరుకుతుంది. దొరికిందో లేదో అనుమానమైతే ఇంకో ఉపాయం: ఆ కండరానికి ఓ పని చెప్పాలి. కాలు ఎత్తమనాలి, పక్కకి నెట్టమనాలి. వేలి కింద ఏది బిగిస్తే అదే అది.

రాత్రుళ్లు హాస్టల్లో తలుపు గడియ వేసుకుని ఐబ్రో పెన్సిల్‌తో ఒకరి తొడ మీద ఒకరం కండరాలు గీసుకునేవాళ్లం. నాకు మొదట దొరికింది దర్జీ కండరం. సార్టోరియస్ దాని పేరు. లాటిన్‌లో సార్టర్ అంటే బట్టలు కుట్టేవాడు. ఒంట్లో అన్నిటికంటే పొడవైన కండరం ఇదే. తుంటి ముందు మొన దగ్గర మొదలై, తొడని ఏటవాలుగా దాటుకుంటూ లోపలివైపుకి తిరిగి, మోకాలి కింద ఎముకకి చేరుతుంది. వెనకటి దర్జీలు కూర్చున్నట్టు, మనం భోజనానికి కూర్చున్నట్టు, బాసింపట్టు వేసుకోవడానికి కాలు ఎన్ని రకాలుగా మడవాలో అన్నిటిలోనూ దీని చెయ్యి ఉంటుంది. రూమ్మేట్ కుర్చీలో కూర్చుని ఒక కాలి మడమని రెండో కాలి మీదుగా మోకాలి దాకా జరుపుతుంటే, చర్మం కింద రిబ్బను లాంటిది సన్నగా లేచింది. "వచ్చిందే!" అని ఇద్దరం ఒకేసారి అరిచాం. ఆ అరుపులో ఇద్దరి సిగ్గూ పోయింది. ఆ తర్వాత అది తొడ కాదు. తొడలో ఏమేం ఉన్నాయో తెలిసిన చోటు.

ఇప్పుడు మీరూ ఒకసారి లేచి నిలబడండి. తలుపు వేసుకోండి, కావాలంటే.

రెండు చేతులూ నడుము మీద పెట్టుకోండి, పోట్లాటకి సిద్ధమైనట్టు. చేతి కింద గట్టిగా గట్టులా తగిలేది తుంటి ఎముక పై అంచు. ఆ గట్టు మీదుగా వేళ్లని ముందుకి జరిపితే మొనదేలిన చోటొకటి తగులుతుంది. మా దర్జీ కండరం మొదలయ్యేది అక్కడే. ఇప్పుడు అరచేతిని పక్కకి తెచ్చి, గట్టు నుంచి నెమ్మదిగా కిందికి దింపండి. బరువంతా రెండో కాలి మీద వేసి, ఈ కాలిని మొత్తంగా లోపలికీ బయటికీ తిప్పండి. అరచేతి కింద ఓ గుండ్రటి బుడిపె దొర్లుతోందా? గ్రేటర్ ట్రొకాంటర్ అంటాం. తొడ ఎముక పైకొన అది. పిన్ని వేలు ఆగింది దాని మీదే.

ఇప్పుడు ఆ బుడిపెకీ పై గట్టుకీ మధ్యలో వేళ్లు ఆనించి, రెండో పాదాన్ని నేల మీద నుంచి కొంచెం ఎత్తండి. గోడ పట్టుకోండి సుమా. వేళ్ల కింద ఏదో ఠక్కున బిగుస్తుంది. గ్లూటియస్ మీడియస్. నాకు అన్నిటిలోకీ ఇష్టమైన కండరం. మనం నడిచేటప్పుడు ప్రతి అడుగుకీ కాసేపు ఒంటికాలి మీదే కదా ఉంటాం. ఆ కాసేపూ తుంటి రెండోవైపుకి వాలిపోకుండా పట్టుకునేది ఇదే. ఒంటికాలి మీద నిలబడ్డప్పుడు తుంటి కీలు మీద పడే భారం మన బరువుకి రెండు రెట్లు దాటుతుంది. అందులో ఎక్కువ భాగం ఈ కండరం లాగే బలమే. ఇది బలహీనపడితే ఎత్తిన కాలివైపు తుంటి కిందికి జారిపోతుంది. జర్మనీ సర్జన్ ట్రెండెలెన్‌బర్గ్ 1895లో దీన్ని వివరించాడు, ఇవాళ్టికీ ఆయన పేరుతోనే ఆ పరీక్ష చేస్తున్నాం. చిన్నప్పుడు పోలియో వచ్చినవాళ్లు కొందరు ఒళ్లంతా ఓ పక్కకి ఊపుతూ నడవడం మీరు చూసే ఉంటారు. చాలామందిలో కారణం ఈ అరచేతి మందం కండరమే. వాళ్లు ఊగడం లేదు, పడిపోకుండా బరువుని సర్దుకుంటున్నారు. నాకది తెలిసినప్పటి నుంచి ఆ నడకని చూసే చూపే మారిపోయింది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. చెక్క కుర్చీ మీద అరచేతులు వెల్లకిలా పెట్టి వాటి మీద కూర్చోండి. గుచ్చుకునే రెండు ఎముకలే కూర్చునే ఎముకలు. తొడ వెనక కండరాలు అక్కడే మొదలవుతాయి. మడమని నేలకి నొక్కి వెనక్కి లాగుతూ మోకాలి వెనక చెయ్యి పెడితే తాళ్లు తెలుస్తాయి, బయటివైపు ఒకటి, లోపలివైపు రెండు మూడు. "నరాలు పొడుచుకొచ్చాయి" అని భయపడతారు చాలామంది. నరాలు కావవి, కండరాల్ని ఎముకలకి కట్టే తాళ్లు. బయటి తాడు పక్కనే మాత్రం ఒక అసలు నరం పోతోంది, అక్కడ గట్టిగా నలపకండి. కాలు చాచి మోకాలు బిగిస్తే చిప్పకి పైన లోపలివైపు కన్నీటిబొట్టు ఆకారంలో ఒక కండ లేస్తుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లలో తొడ ముందు కండలు తొందరగా కరిగిపోతుంటాయి, అందుకే మోకాలికి మందెంతో తొడకి వ్యాయామం అంత అని మేం నెత్తీనోరూ కొట్టుకుంటాం. ఇంకొకటి: మోకాలి కీలుకి రెండు మూడు అంగుళాల కింద, లోపలివైపు నొక్కితే నొప్పా? మూడు కండరాల తాళ్లు వచ్చి పెద్దబాతు పాదంలా అతుక్కునే చోటది. మోకాలు నొప్పి అని వచ్చేవాళ్లలో కొందరి వేలు కీలు మీద కాదు, దీని మీద ఆగుతుంది. వైద్యం వేరు.

గజ్జ గురించి కూడా చెప్పాలి, దాటెయ్యను. రెండు మోకాళ్ల మధ్య పిడికిలి పెట్టుకుని నొక్కితే తొడ లోపలి పైభాగంలో గట్టి తాడొకటి లేస్తుంది. తొడల్ని దగ్గరికి లాగే కండరాలు అక్కడే, జననాంగానికి పైనుండే ఎముక పక్కన అతుక్కుంటాయి. గర్భంతో ఉన్నప్పుడు, పురుడొచ్చాక పక్కమీద దొర్లాలన్నా చీర కట్టుకోడానికి ఒంటికాలి మీద నిలబడాలన్నా అక్కడ చురుక్కుమంటుందని ఎంతమంది నా చెవిలో చెప్పారో. చెవిలో చెప్పక్కర్లేదు. ఆ తాడుకి కాస్త బయటగా, గజ్జ మధ్యలో వేలు ఆనిస్తే తొడకి పోయే పెద్ద ధమని కొట్టుకోవడం తెలుస్తుంది. అక్కడ నొక్కకూడదు, మర్దనా చెయ్యకూడదు. ఊరికే ఆనించి చూసుకోండి.

మా అమ్మమ్మగారి ఊళ్లో బాలింతలకి ఒళ్లు పట్టే అవ్వ ఒకావిడ ఉండేది. నా పురిటికి ఆవిడే వచ్చింది. నువ్వులనూనె రాసి, పిరుదు మీద బొటనవేలు నడిపిస్తూ ఒకచోట ఆగి, "ఇక్కడ ముడి ఉంది తల్లీ, బోర్లా తిరుగు" అంది. సరిగ్గా పిరిఫార్మిస్ దారి. అమెరికాలో జానెట్ ట్రావెల్ అనే డాక్టరమ్మ ఉండేది. అధ్యక్షుడు కెనెడీకి వ్యక్తిగత వైద్యురాలు, ఆ పదవిలో మొదటి మహిళ. ఇలాంటి ముడులు ఎక్కడెక్కడ ఉంటాయో, నొప్పిని ఎటెటు పంపుతాయో బొమ్మలతో సహా డేవిడ్ సైమన్స్‌తో కలిసి పెద్ద పుస్తకం రాసింది. 1983లో ఒక భాగం, కాళ్లూ తుంటీ గురించి 1992లో రెండో భాగం. ఆ ముడుల వెనక అసలు కథేమిటని ఇప్పటికీ వాదులాడుకుంటూనే ఉన్నారు. కానీ ఒకరి చేతిలో ఉన్న జ్ఞానాన్ని కాగితం మీదికి తేవాలని ఆవిడ పడ్డ శ్రమ నాకు గొప్పగా అనిపిస్తుంది. మా అవ్వకి ఆ అదృష్టం లేదు. ఆవిడ వేళ్లకి తెలిసింది ఆవిడతోనే పోయింది.

అవ్వకి తెలియని ఒక్క సంగతి మాత్రం మీకు గట్టిగా చెప్పాలి. పురుడైన కొన్ని వారాల్లోగానీ, చాలాకాలం మంచాన పడ్డాకగానీ ఒక్క కాలే వాచి, వేడిగా, బరువుగా ఉంటే దాన్ని మర్దనా చెయ్యొద్దు. లోపలి సిరలో రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, రుద్దితే కదిలి ఊపిరితిత్తులకి పోవచ్చు. ఆ రోజే ఆసుపత్రికి. పెద్దవాళ్లు జారిపడి, గజ్జలో నొప్పంటూ, పాదం బయటికి తిరిగిపోయి లేవలేకపోతే తుంటి విరిగిందనే అనుకోండి; నూనె సీసా తీయొద్దు, కదపొద్దు. నడుము నొప్పితోబాటు కూర్చునే చోట మొద్దుబారి, మూత్రం పట్టు తప్పితే తెల్లారేదాకా ఆగొద్దు.

పిన్ని దగ్గరికి వద్దాం. ఆ బుడిపె మీద నొక్కి, ఒంటికాలి మీద నిలబెట్టి, పక్కకి కాలు నెట్టించి చూశాను. అన్నిటికీ నొప్పి అక్కడే. నడుము వంచితే ఏమీ లేదు. గ్లూటియస్ మీడియస్ ఆ బుడిపెకి అతుక్కునే తాడు దెబ్బతిన్నది. నలభై దాటిన ఆడవాళ్లలో తరచుగా చూస్తాం. ఎందుకైందో వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు. మనవణ్ని ఎప్పుడూ కుడివైపే ఎత్తుకుంటుంది, తుంటిని పక్కకి తోసి వాడికి పీటలా చేసి. పొయ్యి దగ్గర నిలబడ్డా అదే వాటం. రాత్రి ఆ పక్కకే పడక. రోజుకి రెండుసార్లు బామ్ పెట్టి ఆ చోటునే రుద్దుడు. ఆ బుడిపె ఎముకకీ, దాని మీదుగా తొడ పక్కన దిగే గట్టి పట్టీకీ మధ్య ఆ తాడు నలుగుతూనే ఉంది.

బెల్టు తీయించాను. ఎడమకి తిరిగి, మోకాళ్ల మధ్య మందపాటి దిండు పెట్టుకుని పడుకోమన్నాను. నిలబడితే రెండు కాళ్ల మీదా. పిల్లాడు కిందే, లేదంటే ఎదురుగా ఎత్తుకోవాలి. గోడకి పక్కగా నిలబడి కాలిని గోడకేసి నొక్కి పట్టడంతో మొదలుపెట్టి నెమ్మదిగా వ్యాయామాలు పెంచాం. ఆస్ట్రేలియాలో 204 మంది మీద చేసి 2018లో ప్రచురించిన అధ్యయనంలో కూడా సూది మందు వేయించుకున్నవాళ్ల కంటే ఇలా అలవాట్లు మార్చుకుని వ్యాయామం చేసినవాళ్లకే ఎక్కువ మేలు కనిపించింది. పిన్నికి గుణం తెలియడానికి రెండు నెలలు పట్టింది. ఉగాదికి మేడ మీద మామిడాకులు తనే కట్టిందట.

పోయిన వారం వాళ్ల కోడలు ఫోన్ చేసింది. దానికిప్పుడు ఏడో నెల. పక్కమీద దొర్లలేకపోతోందని పిన్నే ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఓపీ చీటీ రాసే కుర్రాడు తల ఎత్తకుండా "ఏం ఇబ్బందమ్మా?" అని అడిగాడట. కోడలు "కాలు…" అని నసుగుతుంటే, పిన్ని కౌంటరు మీద చెయ్యి ఆనించి, "గజ్జలో నొప్పి బాబూ. కుడివైపు. రాసుకో" అందట.